వేగం, మజిలీ, దారి: మన్యం మోటారుసైకిల్ యాత్రాకథనం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు యాత్రాసాహిత్యంపై వచ్చిన విమర్శ ఎక్కువగా యాత్రికుడు చూసిన స్థలాలను పరిశీలించింది. అతడు ఏ వాహనంపై, ఏ వేగంతో, ఎవరితో కలిసి వెళ్ళాడు, ఆ దారి ఎలా ఏర్పడింది అన్న ప్రశ్నలకు అందులో దక్కిన స్థానం తక్కువ. మిత్రబృందాలు మోటారుసైకిళ్ళపై మన్యప్రాంతాలకు చేసే యాత్రలు ఇటీవల పెరిగాయి. వాటి కథనాలు అచ్చులోనూ దృశ్యరూపంలోనూ వస్తున్నాయి. జంగారెడ్డిగూడెం నుండి పాపికొండల అడవికి, రంపచోడవరం ఘాట్లకు సాగే దారులను నేపథ్యంగా తీసుకుని, ఈ కథనరూపాన్ని అంచనా వేయడానికి తగిన ప్రమాణాలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర నుండి క్రిష్ దర్శకత్వం వహించిన 'గమ్యం' చలనచిత్రం వరకు కొన్ని రచనలను ఇందుకు ఆధారం చేసుకుంటుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, మోటారుసైకిల్ యాత్ర, మన్యం, మజిలీ, పోలవరం, గమ్యం, గూడెం తిరుగుబాటు.

1. ఉపోద్ఘాతం

జంగారెడ్డిగూడెం పాత పశ్చిమగోదావరి జిల్లా మెట్టప్రాంతానికి ముఖ్యకేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అది ఏలూరు జిల్లాలో చేరింది. దక్షిణానికి వెళ్తే కాలువలు, వరిచేలతో డెల్టా వస్తుంది. ఉత్తరానికి వెళ్తే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మీదుగా ఏజెన్సీ మొదలవుతుంది. పొగాకు, ఆయిల్‌పామ్ తోటలు దాటాక భూమి ఎరుపెక్కుతుంది, వాగులు అడ్డొస్తాయి, తారు పోయి కంకర మిగులుతుంది. మోటారుసైకిల్ యాత్రికులు కోరుకునేది సరిగ్గా ఈ సరిహద్దునే.

ఇక్కడి నుండి దారులు అనేకం. బుట్టాయగూడెం మండలంలో వాగులు దాటి వెళ్ళవలసిన గుబ్బల మంగమ్మ గుడి వైపు ఒకటి, కుక్కునూరు, వేలేరుపాడు మీదుగా గోదావరి ఒడ్డుకు మరొకటి. కొయ్యలగూడెం, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా గోదావరి దాటి రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు సాగేది మూడవది. ఈ దారుల్లో ప్రయాణించేవారు మూడు రకాలు. దేవత దర్శనానికి వెళ్ళే భక్తులు, నిత్యావసరాలకోసం తిరిగే స్థానికులు, ప్రయాణంకోసమే ప్రయాణించే మిత్రబృందాలు. వాహనం ఒకటే అయినా ముగ్గురి ప్రయాణం ఒకటి కాదు. కథనంగా మారుతున్నది మాత్రం ఎక్కువగా మూడవవారి ప్రయాణమే. ఈ అసమానత వల్లనే ఆ కథనాలు విమర్శకు విషయమవుతున్నాయి.

2. వాహనం, వేగం, మజిలీ

తెలుగు యాత్రారచనకు ఆదిగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర 1830-31లో సాగిన ప్రయాణానికి దినచర్యారూపం. 1838లో అచ్చయింది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగిగా పనిచేసిన వీరాస్వామయ్య పల్లకీలో, బోయీలతో, పరివారంతో కాశీకి వెళ్ళివచ్చాడు. ఆ గ్రంథనిర్మాణంలో కీలకమైన అంశం మజిలీ. ఎక్కడ దిగారు, నీరు దొరికిందా, దినుసులు దొరికాయా, దారి ఇసుకా రాయా, వాగు దాటడానికి ఏర్పాటేమిటి అన్న వివరాలు కథనాన్ని నడిపిస్తాయి. బోయీల కాళ్ళమీద సాగే ప్రయాణానికి దారి స్వభావం తెలియక తప్పదు. మజిలీ విశ్రాంతి ఇచ్చే చోటుగా మాత్రమే మిగలలేదు. యాత్రికుడు స్థానికులపై ఆధారపడవలసిన చోటు కూడా అదే. ఆ ఆధారపడటం నుండే ఆ గ్రంథంలోని సామాజిక సమాచారం పుట్టింది.

ఆచార్య మాచవరపు ఆదినారాయణ 'భ్రమణ కాంక్ష' కాలినడకను ఎంచుకుంది. ఇక్కడ వేగం మనిషి అడుగుకు పరిమితం. నడిచేవాడికి దాహం వేస్తుంది, పొద్దు కుంగుతుంది, ఎవరి గడపైనా తట్టక తప్పదు. దాసరి అమరేంద్ర 'స్కూటర్లపై రోహ్‌తాంగ్ యాత్ర' తెలుగులో ద్విచక్రవాహన యాత్రకు గ్రంథరూపం ఇచ్చిన రచన. స్కూటరు మధ్యతరగతి గృహస్థు వాహనం. బజారుకీ ఆఫీసుకీ వాడే బండి దాదాపు 3,978 మీటర్ల ఎత్తున్న కనుమను లక్ష్యం చేసుకోవడంలోనే ఒక ప్రతిపాదన ఉంది. సాహసం ప్రత్యేకమైన యంత్రానికీ ప్రత్యేకమైన మనిషికీ సొంతం కాదని ఆ శీర్షికే సూచిస్తుంది.

నేటి మన్యయాత్రలో పరిస్థితి మారింది. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వంటి బళ్ళు గతుకుల దారినే దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. పొడవైన సస్పెన్షను, నేలకు ఎత్తుగా ఉండే ఇంజను, గట్లున్న టైర్లు వాగునూ రాళ్ళనూ అవరోధాల స్థానం నుండి ఆస్వాదన స్థానానికి తెచ్చాయి. పల్లకీయాత్రికుడికి మజిలీ ఎక్కడో నేల నిర్ణయించేది. ఈ యాత్రికుడికి పెట్రోలు ట్యాంకు నిర్ణయిస్తుంది. ఉదయం జంగారెడ్డిగూడెంలో ట్యాంకు నింపుకున్న బృందం మధ్యలో ఎవరినీ ఏమీ అడగకుండా అడవి చూసి సాయంత్రానికి తిరిగి రాగలదు. ఆధారపడటం తగ్గినకొద్దీ ఎదురుపడే మనుషులు తగ్గుతారు, వారు తగ్గినకొద్దీ కథనం బండి చుట్టూ, బృందం చుట్టూ ముడుచుకుంటుంది. ఈ లోపానికి కారణాన్ని రచయిత ప్రతిభలో కన్నా ప్రయాణ నిర్మాణంలోనే ముందు వెతకాలి.

3. బండి ఆగిన చోటు

మోటారుసైకిల్ యాత్రాకథనానికి ప్రపంచసాహిత్యంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఎర్నెస్టో గెవారా దినచర్య. 1952లో మిత్రుడు అల్బెర్టో గ్రనాడోతో కలిసి, 'బలశాలి' అనే అర్థం వచ్చే పేరున్న పాత నార్టన్ బండిపై దక్షిణ అమెరికాలో ప్రయాణించాడు. ఆ బండి చిలీలోనే పూర్తిగా పాడైంది. మిగిలిన ప్రయాణం చాలావరకు నడక, లారీలు, పడవలు. చుకీకమాతా రాగిగని దారిలో చలిరాత్రి ఎదురైన నిరుపేద కార్మిక దంపతులు, పెరూలోని కుష్ఠురోగుల ఆవాసం అతని దృష్టిని మార్చిన ఘట్టాలు. అవన్నీ బండి పోయిన తరువాతివే. గ్రంథానికి పేరిచ్చిన మోటారుసైకిల్ గ్రంథంలో సగం దూరమైనా సాగకపోవడం గమనార్హం. వాహనం ఇచ్చిన స్వయంసమృద్ధి పోయాకే మనుషులు కనిపించారు.

ఈ కథనాన్ని వాల్టర్ సాలెస్ 2004లో చలనచిత్రంగా మలిచాడు. దాని స్ఫూర్తి కనిపించే తెలుగు రచన 2008లో వచ్చిన 'గమ్యం'. దర్శకుడిగా క్రిష్‌కు ఇది తొలి చిత్రం. ధనికుడి కొడుకు అభిరామ్ (శర్వానంద్) తనకు దూరమైన జానకి (కమలినీ ముఖర్జీ) కోసం మోటారుసైకిల్‌పై బయలుదేరతాడు. దారిలో గాలి శీను (అల్లరి నరేష్) తోడవుతాడు. శీను బళ్ళ దొంగ. ఒకే బండి మీద ఇద్దరిని కూర్చోబెట్టడంలో కథ బలం ఉంది. అభిరామ్‌కు బండి తాను కోరి ఎంచుకున్న అసౌకర్యం, శీనుకు అది బతుకుతెరువు. యాత్ర అనే మాటకు ఇద్దరి విషయంలో ఒకే అర్థం లేదని చిత్రం మాటల్లో చెప్పకుండా పాత్రల నిర్మాణంలోనే చూపింది. తెలుగు సినిమాలో మోటారుసైకిల్ చాలాకాలం కథానాయకుడి ఠీవికీ ప్రేమపాటకూ ఉపకరణంగా ఉంది. దాన్ని వర్గభేదాన్ని చూపే సాధనంగా మార్చడం 'గమ్యం' సాధించిన విజయం.

అయితే ఆ విజయానికి ఒక పరిమితి ఉంది. దారిలో ఎదురైన జీవితాలు క్రమంగా అభిరామ్ పరివర్తనకు పాఠాలుగా మారతాయి. చివరకు శీను మరణం కూడా అతని విద్యలో భాగమవుతుంది. కోల్పోయేవాడు పేదవాడు, నేర్చుకునేవాడు ధనికుడు. చిత్రం మానవీయమైనదే. యాత్రాకథన స్వభావంలోనే ఉన్న ప్రమాదం నుండి మాత్రం అది పూర్తిగా తప్పించుకోలేదు. బయటివాడి మార్పును కేంద్రంగా పెట్టుకున్న ప్రతి యాత్రాకథనంలో స్థానికుడు ఆ మార్పుకు నిమిత్తంగా మిగిలే అవకాశం ఉంటుంది. స్నేహం కూడా ఈ అసమానతను తొలగించలేదు. కథనం చేయగలిగింది దాన్ని దాచకుండా ఉండటం.

4. దారికి ఉన్న చరిత్ర

మన్యయాత్రల కథనాల్లో తరచుగా వినబడే భావన 'మనిషి అడుగుపడని అడవి'. గోదావరికి రెండువైపులా ఉన్న మన్యం విషయంలో ఈ భావన చారిత్రకంగా నిలవదు.

ఇప్పుడు శీతాకాలపు యాత్రలకు పేరుపొందిన లంబసింగి కొండదారినే తీసుకోవచ్చు. నర్సీపట్నం వైపు నుండి గూడెం కొండలకు దారి వేసేటప్పుడు డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులతో బలవంతంగా చాకిరీ చేయించి, నిర్ణయించిన కూలి ఇవ్వలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో వచ్చిన గూడెం తిరుగుబాటుకు ఇది ఒక ముఖ్యకారణంగా చరిత్రకారులు గుర్తించారు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడుపై వచ్చిన ఆంక్షలు దానికి పూర్వరంగం. ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. అంటే నేటి యాత్రికుడు మలుపు మలుపుకూ ఆనందించే ఆ తరహా ఘాట్‌రోడ్డు, తిరుగుబాటుకు నేపథ్యం మాత్రమే కాదు, ఒక కారణం కూడా. దారి వేసినవారి శ్రమ ప్రస్తావన లేకుండా దారి అందాన్ని వర్ణించే కథనం ఆ దారిని సగమే చూసినట్టు.

పాపికొండలకు వస్తే, మానవశాస్త్రవేత్త క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఈ కొండల రెడ్లపై చేసిన అధ్యయనం 1945లో లండన్‌లో గ్రంథంగా వెలువడింది. పోడు వ్యవసాయం, కుటుంబవ్యవస్థ, కలప, వెదురు వ్యాపారుల దగ్గర కొండరెడ్లు చిక్కుకున్న తీరు అందులో నమోదయ్యాయి. ఆయనా బయటివాడే, వలసపాలన కాలపు దృష్టికి అతీతుడూ కాడు. అయినా ఆ ఊళ్ళలో ఉండి, అక్కడి మనుషుల వ్యవసాయాన్నీ అప్పులనూ రాసుకున్నాడు. చూసేవాడు బయటివాడు కావడం ఒక్కటే చూపును నిర్ణయించదు, ఎంతసేపు ఆగాడన్నది కూడా నిర్ణయిస్తుందని ఈ ఉదాహరణ చెబుతుంది.

ఇటీవలి చరిత్ర మరింత తీవ్రమైనది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ముంపు మండలాల్లో కుక్కునూరు, వేలేరుపాడు అదే ఏడాది ఖమ్మం జిల్లా నుండి పశ్చిమగోదావరికి మారాయి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. నిర్వాసితుల కోసం కట్టిన పునరావాస కాలనీల్లో ఒకటి జంగారెడ్డిగూడెం చేరువలోని తాడువాయి దగ్గర ఉంది. ఈ భౌగోళిక వాస్తవం యాత్రాకథనానికి ఒక కఠినమైన పరీక్ష పెడుతుంది. నదీతీరంలో ఖాళీ అయిన ఊరు బండి మీద వచ్చినవాడికి నిశ్శబ్ద ప్రకృతిగా కనిపించవచ్చు. అక్కడి నిశ్శబ్దం ప్రకృతిది కాదు, మనుషులు వెళ్ళిపోవడం వల్ల వచ్చినది. తాడువాయి వైపు చూడకుండా ముంపు ఊళ్ళకు పోయిన కథనం మొండిగోడలను శిథిలసౌందర్యంగా వర్ణిస్తుంది. ఆ కాలనీ దగ్గర ఆగిన కథనానికి అవే గోడలు ఎవరి ఇంటివో తెలుస్తాయి.

5. మిత్రబృందం: ఆత్మీయత, ఆవరణ

ఈ యాత్రలకు స్నేహం ప్రధానప్రేరణ. విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006లో కరిజ్మా మోటారుసైకిల్‌పై ఒంటరిగా ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఒంటరి యాత్రికుడికి తెలియని ఊళ్ళో తెలియని మనిషే దిక్కు. బృందానికి ఆ అవసరం లేదు. ఒకడి దగ్గర పంక్చరు సామాను, మరొకడి దగ్గర క్లచ్ వైరు, ఇంకొకడి దగ్గర తిండి, అందరి దగ్గరా కబుర్లు ఉంటాయి. వాగులో బండి ఇరుక్కుంటే మిగిలిన నలుగురూ దిగి తోస్తారు. ఈ పరస్పర సహకారంలో నిజమైన విలువ ఉంది. ఉద్యోగాల ఒత్తిడిలో దూరమైన మిత్రులు ఒకరి ప్రాణాన్ని ఒకరు కనిపెట్టుకునే సందర్భం ఇది. దీన్ని కేవలం వినోదమని కొట్టివేసే విమర్శ న్యాయమైనది కాదు.

అయితే ఆ బృందమే ఒక ఆవరణ కూడా. కథనాల్లో సంభాషణలు చాలావరకు మిత్రుల మధ్యనే సాగుతాయి. స్థానికుడు దారి చెప్పేవాడుగా, టీ అమ్మేవాడుగా, పేరులేకుండా కనిపించి మాయమవుతాడు. మిత్రులకు పేర్లూ ఇష్టాలూ హాస్యమూ ఉంటాయి, కోయ, కొండరెడ్డి మనుషులకు 'అమాయకులు' అన్న ఒక్క విశేషణం ఉంటుంది. రెండు శతాబ్దాల్లో ఎన్నో పితూరీలు నడిపిన సమాజాన్ని అమాయకత్వంతో నిర్వచించడం ప్రశంసగా కనిపించినా, వాస్తవంలో చరిత్రను తుడిచివేయడమే.

చట్టపరమైన అంశమూ ఉంది. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి, విస్తీర్ణం 1,012.86 చదరపు కిలోమీటర్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అటువంటి ప్రదేశాల్లో ప్రవేశాన్ని నియంత్రిస్తుంది. అనుమతిలేని కాలిబాటలోకి బండి తిప్పడాన్ని సాహసంగా చిత్రించే కథనం, అదే అడవిలో వంటచెరకుకోసం వెళ్ళి ప్రశ్నలు ఎదుర్కొనే స్థానికుడి స్థితిని గుర్తుంచుకోవాలి. ఒకే నిబంధనను ఒకరు సరదాగా దాటగలగడం, మరొకరు భయంగా దాటవలసిరావడం అడవిపై అధికారం ఎవరిదన్న ప్రశ్నను ముందుకు తెస్తుంది.

6. గతుకుకు రెండు అర్థాలు

ఈ కథనరూపంలోని కేంద్రవైరుధ్యం గతుకు చుట్టూ ఉంది. దారి ఎంత కష్టమైతే యాత్రకు అంత విలువ. తారురోడ్డు పడితే ఆ ప్రదేశం 'పాడైపోయింది' అనే నిట్టూర్పు యాత్రికుల్లో సాధారణం. అదే దారిలో గర్భిణిని డోలీలో మోసుకువెళ్ళే కుటుంబానికి ప్రతి రాయీ, ప్రతి వాగూ ప్రాణసంకటం. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో నాలుగు చక్రాల అంబులెన్సు పోలేని చోట్లకు ఫీడర్ అంబులెన్సుల పేరుతో మోటారుసైకిళ్ళను వాడవలసి వచ్చింది. ఒకే వాహనం ఒకే గతుకులో ఒకరికి విలాసమూ మరొకరికి వైద్యమూ కావడం ఈ మన్యపు వాస్తవం.

దీనివల్ల మోటారుసైకిల్ యాత్ర తప్పనే నిర్ణయానికి రావలసిన పనిలేదు. శరీరానికి గతుకు తెలిసినవాడే డోలీ మోతలోని కష్టాన్ని కొంతైనా ఊహించగలడు. ఎ.సి. కారులో అద్దం వెనుక కూర్చున్నవాడికి ఆ అవకాశం లేదు. ఎండ, దుమ్ము, వాన, వాగునీటి చలి యాత్రికుడి ఒంటికి తగులుతాయి. ఈ అనుభవం కథనానికి విలువైన పెట్టుబడి. దాన్ని తన ధైర్యానికి రుజువుగా వాడుకుంటే కథనం అక్కడే ఆగుతుంది. ఆ దారిలో రోజూ తిరిగేవారి బతుకుకు కొలమానంగా వాడితే సాహిత్యమయ్యే వీలుంది. అయితే ఆ దారి తనకు ఒకరోజు ఐచ్ఛికమనీ, వారికి నిత్యమూ అనివార్యమనీ కథనంలో ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి.

7. ప్రతిపాదిత ప్రమాణాలు

పై చర్చ ఆధారంగా మన్యం మోటారుసైకిల్ యాత్రాకథనాన్ని పరిశీలించడానికి నాలుగు ప్రశ్నలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది మజిలీకి సంబంధించినది. కథనంలో బండి ఎక్కడ, ఎందుకు ఆగింది? ఫోటోకోసం ఆగడం, మనిషికోసం ఆగడం ఒకటి కావు. రెండవది దారికి సంబంధించినది. ఆ దారి ఎప్పుడు, ఎవరి శ్రమతో, ఎవరి అవసరానికి పడిందన్న స్పృహ కథనంలో ఉందా? మూడవది పేర్లకు సంబంధించినది. మిత్రులకు ఇచ్చిన వ్యక్తిత్వం స్థానికులకు దక్కిందా? ఇక్కడ పేరు అచ్చువేయడం ముఖ్యం కాదు. వారి మాటకు స్వతంత్రమైన అర్థం ఉందా అన్నది ముఖ్యం. నాలుగవది కోరికకు సంబంధించినది. ఆ ప్రదేశం ఎలా ఉండాలని కథనం కోరుకుంటోంది, ఆ కోరిక అక్కడ బతికేవారి కోరికకు ఎంత దూరం?

ఈ ప్రశ్నలు యాత్రికుడిని దోషిగా నిలబెట్టడానికి కాదు. వీరాస్వామయ్య, గెవారా కథనాల్లో మొదటి ప్రశ్నకు బలమైన సమాధానం ఉంది. 'గమ్యం' మూడవ ప్రశ్నను గాలి శీను పాత్రలో కొంతవరకు ఎదుర్కొంది. రెండవ, నాలుగవ ప్రశ్నలకు నిండుగా సమాధానమిచ్చే మన్యయాత్రా గ్రంథానికి తెలుగులో ఇంకా చోటుంది.

8. ముగింపు

1. వాహనం యాత్రాకథనానికి బాహ్యమైన అంశం కాదు. అది వేగాన్ని, వేగం మజిలీని, మజిలీ మనుషులతో పరిచయాన్ని నిర్ణయిస్తాయి.

2. మోటారుసైకిల్ యాత్రాకథనాల్లో దృష్టి మారిన ఘట్టాలు యంత్రం విఫలమైన చోటనో, స్వయంసమృద్ధి తప్పిన చోటనో రావడం గెవారా దినచర్యలో స్పష్టం. స్వయంసమృద్ధమైన మిత్రబృందం ఆ అవకాశాన్ని తానే కల్పించుకోవాలి.

3. గోదావరి మన్యం దారుల్లో నిర్బంధశ్రమ, తిరుగుబాటు, నిర్వాసితత్వం ఇమిడి ఉన్నాయి. వాటిని విస్మరించిన ప్రకృతివర్ణన అసంపూర్ణమే కాదు, అవాస్తవం కూడా.

4. గతుకును సాహసంగా మాత్రమే చూసే దృష్టి అక్కడి ప్రజల కనీస అవసరానికి విరుద్ధంగా నిలుస్తుంది.

జంగారెడ్డిగూడెం నుండి అడవికి పోయే బృందం సాయంత్రం తిరిగివచ్చేది కూడా ఆ ఊరికే. నిర్వాసితులు వచ్చి చేరినదీ ఆ చుట్టుపక్కలకే. ఒకరు ముచ్చటపడి చూసివచ్చిన నేలనే మరొకరు విడిచివచ్చారు. ఈ రెండు రాకలనూ ఒకే కథనంలోకి తెచ్చే రచన వచ్చినప్పుడు తెలుగు యాత్రాసాహిత్యంలో మోటారుసైకిల్‌కు సార్థకమైన స్థానం ఏర్పడుతుంది.